కుర్చీ పక్కన గౌను

ఫిబ్రవరి 3, సోమవారం

రోటర్‌డామ్ నుంచి ఫోన్ వచ్చింది. యోరిస్‌కి కాదు, నాకు!

"మా తమ్ముడు కావాలా?" అని రెండుసార్లు అడిగాను. "కాదు, నువ్వే కావాలి" అంది ఆవిడ. పేరు హన్నెక, అక్కడ గ్యాలరీ నడుపుతుంది. పరిచయమైన అర నిమిషానికే నువ్వు అనడంలోకి దిగిపోయింది. హాలండ్ వాళ్ళంతే, వాళ్ళకి మర్యాద కూడా దండగ ఖర్చే. పోనీలే. మీరు మీరు అంటూ తమ్ముడి గురించి అడిగేవాళ్ళకంటే, నువ్వు అని పిలిచి పనిచ్చేవాళ్ళు వెయ్యి రెట్లు నయం.

మార్చి పద్నాలుగున అక్కడ మా ఫ్లాండర్స్ వాళ్ళ, అంటే బెల్జియంలో డచ్చి మాట్లాడే మా వాళ్ళ, ప్రదర్శనట. శిల్పమో ఇంటి సామానో తేల్చి చెప్పలేని వస్తువులు చేసేవాళ్ళందరూ ఉంటారు. యోరిస్ సిమెంటు కుర్చీ ఎలాగూ ఉంటుంది, అది లేకుండా మా వాళ్ళ ప్రదర్శన ఏదీ జరగదు కదా. ఆ కుర్చీ దగ్గర పెట్టడానికి నన్నొక క్లేట్ చేసిమ్మంది. క్లేట్! గౌను! రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు. "నీ పేరుతోనే పెడతాం" అని కూడా అంది.

పాతికేళ్ళుగా వాడి కుర్చీలకి గుడ్డ బిగిస్తున్నాను, కుషన్లు కుడుతున్నాను. ఏ ప్రదర్శనకి వెళ్ళినా "మీరెవరండీ?" అంటారు. "యోరిస్ అక్కని" అంటాను. "ఓహో అలాగా" అని, నా భుజం మీదుగా వాడెక్కడున్నాడా అని వెతుక్కుంటారు. ఈసారి గోడ మీద నా పేరున్న అట్టముక్క ఉంటుంది. కుర్చీ పక్కన గౌను, తమ్ముడి పక్కన అక్క. అదొక్కటి దక్కితే చాలు నాకు.

మూడు మీటర్ల గౌను ఎవరు తొడుక్కుంటారని అడగలేదు. శిల్పమన్నాక అలాంటివి అడక్కూడదు.

ఫిబ్రవరి 5, బుధవారం

యోరిస్‌కి చెప్పలేదు. మేం మాట్లాడుకోవడం లేదు. కిందటి ఏడాది బ్రస్సెల్స్‌లో వాడి పెద్ద సోఫా పెట్టారు. దాని మీద కుట్టు ప్రతి పోగూ నాది. అట్టముక్క మీద మాత్రం "సహాయం: ఇంటివాళ్ళు" అని వేయించాడు. ఇంటివాళ్ళట! పిల్లిని కూడా కలుపుకుని అన్నాడో ఏమో. అయినా నాకేం కోపం లేదు.

ఒకే షెడ్డులో పని చేస్తూ మాట్లాడుకోకపోవడం అంత సులువేమీ కాదు. నాన్న అవిసె నార దాచిన గోదాము ఇది. సగం వాడిది, సగం నాది. వాడి సిమెంటు దుమ్ము నా మగ్గం మీద పడకుండా మధ్యలో పెద్ద తెర కట్టాను. మూడో మూల కుండలు చేసే ట్రేస్ ఉంటుంది కాబట్టి ఇన్నాళ్ళూ బండి నడిచింది. "మీ అక్క సుత్తి అడుగుతోంది" అని ఇటునుంచి అటు, "మీ తమ్ముడు తన పని తను చూసుకోమన్నాడు" అని అటునుంచి ఇటు. ఆ ముసలిది తుంటి ఆపరేషన్ చేయించుకుని సముద్రం గాలికని ఓస్టెండె వెళ్ళి కూర్చుంది. మార్చి దాకా రాదు. తెర అవతల యోరిస్ తుమ్మితే "చిరంజీవ" అనేవాళ్ళు కూడా లేరు.

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దున్నే బేకరీ దగ్గర క్యూలో నిలబడి ఉండగా గౌను రూపం తట్టింది. రొట్టెలు తీసుకోవడం మరిచిపోయి ఇంటికి వచ్చేశాను.

అమ్మ ఆదివారం గౌను. రంగు వేయని అవిసె నారతో నేసింది, మెడ దగ్గర ఎత్తుగా, కింద ఘేరుగా ఉండేది. చెక్క ముక్క పాడుచేశాడని నాన్న గోదాము అదిరేలా అరుస్తుంటే, యోరిస్ వెళ్ళి ఆ గౌను కింద దూరిపోయేవాడు. వాడికప్పుడు నాలుగేళ్ళు. అమ్మ వాణ్ణి అలాగే లోపల పెట్టుకుని బంగాళాదుంపలు చెక్కు తీసేది. నాకు ఎనిమిదేళ్ళు, పెద్దదాన్ని, దూరడానికి పట్టను. అందుకని బయట నిలబడి మా ఇద్దరి వంతు తిట్లూ నేనే తినేదాన్ని.

ఆ గౌనే నేస్తాను, ఇంటి దూలమంత ఎత్తున. పడుగు నార, పేక ఉన్ని. బయట గరుగ్గా, లోపల మెత్తగా.

ఫిబ్రవరి 12, బుధవారం

హన్నెక ఫోన్ చేసింది. రంగు మరీ లేతగా వద్దట. "ఇక్కడ వానలు, జనం బురద బూట్లతో వస్తారు" అంది. ఎంత ముందుచూపో చూడండి! గౌను అంచుకి బురద అంటుకుంటుందని రోటర్‌డామ్‌లో కూర్చున్న మనిషికి తట్టింది. కింది నుంచి మోకాలి ఎత్తు దాకా తడి మట్టి రంగు వేస్తున్నాను.

హాలండ్ వాళ్ళని ఊరికే ఆడిపోసుకుంటాం మనం. కాఫీతో ఒకే ఒక్క బిస్కట్టు ఇచ్చి డబ్బా మూసేస్తారన్నది నిజమే, కానీ కళ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు.

ఫిబ్రవరి 20, గురువారం

మళ్ళీ ఫోన్. "జారకుండా కింద ఏదైనా వేస్తున్నావా?" అని అడిగింది.

"లోపలి లంగా సంగతేనా? వేయకుండా ఎలా ఉంటాను!" అన్నాను.

"మీరు దాన్ని అలా అంటారా?" అంది.

"మరేమంటాం?"

"బావుంది, బావుంది" అని నవ్వింది. నాకు తెలీకుండానే ఏదో హాస్యమాడినట్టున్నాను. ఇంతకీ లంగాకి మందపాటి ఉన్ని బిగించాను. భూకంపం వచ్చినా జారదు.

ఫిబ్రవరి 26, బుధవారం

ఇవాళ లైన్ గరగరమంటోంది. "జనం లోపెన్ చేస్తారు, తట్టుకుంటుందా?" అని అడిగింది హన్నెక.

లోపెన్ అంటే పరుగెత్తడం కదా. మూడు మీటర్ల గౌను వేసుకుని ఎవరు పరుగెడతారు తల్లీ? పోనీ కళాకారులు ఏదో ఒకటి చేస్తారు. "ఎంతమంది?" అన్నాను.

"రోజంతా, వందల మంది" అంది.

సాయంత్రం దాకా కూర్చుని ఘేరు మొత్తం విప్పి రెట్టింపు వెడల్పు చేశాను. ఇప్పుడు ఒక కుటుంబం కలిసి పరుగెత్తొచ్చు.

ఫోన్ పెట్టేసే ముందు "పంపేటప్పుడు మడత పెట్టకు, చుట్టి పంపు" అంది. గౌనుని చుట్టడమేమిటి? వాళ్ళ బీరువాలు అలా ఉంటాయి కాబోలు.

తెర అవతలి నుంచి యోరిస్ ఈల వేస్తున్నాడు. నాకు పని వచ్చిందని వాడికి తెలుసన్నమాట. కుళ్ళుకుంటూ ఈల వేసేవాణ్ణి ఇప్పుడే చూడటం.

మార్చి 2, ఆదివారం

ట్రేస్ వచ్చింది. చేతికర్ర ఒక చేతిలో, నూనెలో వేయించిన రొయ్యల క్రోకెట్ల పొట్లం ఇంకో చేతిలో. గౌను దూలానికి వేలాడుతోంది, పూర్తయిపోయింది. నేను పక్కన పెళ్ళికూతురి తల్లిలా నిలబడ్డాను.

"అబ్బ! ఎంత అందంగా ఉందే లీవా! ఎవరికిది?" అంది.

"రోటర్‌డామ్ గ్యాలరీకి. నా పేరుతో. వాళ్ళే ఫోన్ చేసి అడిగారు, మూడు మీటర్ల క్లేట్ కావాలని."

ట్రేస్ మొహం వింతగా మారింది. "ఎవరు అడిగారు? హాలండ్ మనిషా?"

"అవును. రెండు బై మూడు."

"జారకుండా వేయమందా?"

"నీకెలా తెలుసు?"

ముసలిది చేతికర్ర వదిలేసి బంకమట్టి బస్తా మీద కూలబడింది. తుంటి నొప్పేమో అని హడలిపోయి పరుగెత్తాను. నొప్పి కాదు, నవ్వు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, మాట రావడం లేదు.

"ఒసే పిచ్చిమొహమా! హాలండ్‌లో క్లేట్ అంటే గౌను కాదే, తివాచీ! నేల మీద పరిచేది! నేను ఉట్రెక్ట్‌లో పదేళ్ళు కాపురం చేశాను కదే. కొత్తల్లో మా అత్తగారు 'క్లేట్ పట్టుకెళ్ళి పెరట్లో దులుపు' అంది. నేను ఒంటి మీది గౌను విప్పి, లోపలి లంగాతో పెరట్లో నిలబడి దులిపాను. పక్కింటి పాస్టరు గారు మూడు నెలలు మా వైపు చూడలేదు."

"మరి పరుగెత్తడం?" అన్నాను.

"లోపెన్నా? వాళ్ళకది నడవడమే. మనకే పరుగు."

నడవడం. రోజంతా, వందల మంది, బురద బూట్లతో, నా మీద.

అప్పుడు తెర అవతలి నుంచి నవ్వు వినిపించింది. కిందటి ఏడాది నుంచి నా తమ్ముడి నోట నేను విన్న మొదటి నవ్వు అదే. తెర పక్కకి లాగి తల బయటపెట్టాడు, జుట్టు నిండా సిమెంటు.

"అక్కా, నేనే చెప్పాను హన్నెకకి. కుర్చీ కింద పరచడానికి ఏదైనా ఉంటే బావుంటుంది, మా అక్క నేస్తుంది అని. నువ్వు గౌను కుట్టావా?"

"కింద" అన్నాడు. పక్కన కాదు, కింద.

క్రోకెట్లు ఎవరు తిన్నారో తెలీదు, నేనైతే తినలేదు.

మార్చి 3, సోమవారం

యోరిస్ ఇప్పుడు మాట్లాడుతున్నాడు. మాట్లాడకపోయినప్పుడే నయం.

"సులువు అక్కా. పక్క కుట్టు పై నుంచి కింద దాకా విప్పేసి, మెడా చేతులూ కత్తిరించి పరిచేయ్. పెద్ద తివాచీ వస్తుంది. ఇంకా పది రోజులుంది. ఎవరికీ తెలీదు."

వాడు చెప్పింది నిజం. అదే నా మంట. తప్పు చెప్పి ఉంటే తిట్టి పంపేదాన్ని.

కత్తెరకి పదును పెట్టించాను.

మార్చి 5, బుధవారం

కత్తెర పదును బాగానే ఉంది. వార్తాపత్రిక కత్తిరించి చూశాను.

మార్చి 6, గురువారం

కర్టెన్ ముక్క కూడా కత్తిరించి చూశాను.

మార్చి 10, సోమవారం

యోరిస్ "అయిందా?" అన్నాడు.

"అయింది" అన్నాను.

గౌనుని చుట్టి, పైన గోనెగుడ్డ కప్పి, తాడు బిగించి వాడి వ్యాన్‌లోకి ఎక్కించాను. చుట్టి పంపమన్నారు కదా, చుట్టే పంపుతున్నాను. అబద్ధమేముంది ఇందులో? అయింది అన్నానే కానీ కత్తిరించడం అయింది అనలేదు కదా.

ట్రేస్ అంతా చూస్తూ కూడా నోరు మెదపలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని గొణిగింది. నేను తొక్కేదాన్ని కాదమ్మా, నన్ను తొక్కుతారని కదా ఈ గోలంతా.

మార్చి 13, గురువారం, రోటర్‌డామ్

గ్యాలరీ ఇదివరకు రేవు గోదామట. పొద్దున మేం వచ్చేసరికే కుర్చీని నడిమధ్యన దించి నేలకి బోల్టులు బిగించేశారు. నలుగురు మోశారట, అందులో ఒకడు ఇంకా నడుం పట్టుకుని కూర్చునే ఉన్నాడు. కుర్చీ ముందు, కాళ్ళు పెట్టే చోట, ఖాళీ వదిలారు. నా చోటు అది, కాళ్ళ కింది చోటు.

హన్నెక పొడుగ్గా కొంగలా ఉంది. ఒక కప్పు కాఫీ ఇచ్చింది, ఒక బిస్కట్టు ఇచ్చింది, డబ్బా మూసేసింది. తాడు విప్పింది. గోనెగుడ్డ తీసింది. రెండు చేతులు బయటికి వచ్చాయి. తర్వాత మెడ.

"ఇది గౌను" అంది.

"అవును" అన్నాను.

"నేను క్లేట్ అడిగాను."

"క్లేటే తెచ్చాను."

"క్లేట్ నేల మీద ఉంటుంది."

"మా ఊళ్ళో ఒంటి మీద ఉంటుంది."

యోరిస్ మొహం మాడిపోయింది. "అక్కా! అయిందన్నావు కదే!" అని నా చేతిలో కత్తి పెట్టబోయాడు, అట్టపెట్టెలు కోసే కత్తి. "పరువు తీయకు. అయిదు నిమిషాల పని. అంత పట్టుదలేమిటి నీకు? అట్టముక్క మీద నీ పేరు ఉండనే ఉంటుంది కదా!"

ఉంటుంది. చూశాను కూడా. అట్టముక్క గోడకి అప్పుడే అంటించి ఉంది, యోరిస్ పేరు కింద నా పేరు, నా పేరు పక్కన "క్లేట్, 2 × 3". పాతికేళ్ళుగా నేను కోరుకున్నది అంతే. కత్తి ఒక్కసారి పై నుంచి కిందకి లాగితే నాది.

కత్తి కింద పెట్టేశాను.

"నా పేరు తీసేయండి. దీన్ని ఇంటికి తీసుకుపోతాను. కాళ్ళ కింద పడి ఉండటం నాకు చేతకాదు, ఇన్నేళ్ళూ పడి ఉన్నది చాలు" అన్నాను. ఇంకా చాలా అనాలనుకున్నాను కానీ ఏడుపొచ్చింది. ఏడుస్తూ మాట్లాడితే నా ముక్కు ఎర్రబడుతుంది, అందుకని ఆపేశాను.

హన్నెక అట్టముక్క వైపు చేయి చాచింది, తీసేయడానికి.

అంతటితో అయిపోవలసిందే. కానీ చుట్టిన నార బట్ట ముడతలు పడింది, మళ్ళీ అలాగే చుడితే జన్మలో పోవు. ముడతలతో దాన్ని ఇంటికి తీసుకెళ్ళను. ఏడుపు ఏడుపే, పని పనే. "దీన్ని ఒక్క గంట ఎక్కడైనా వేలాడదీయాలి" అన్నాను. ఆ గోదాములో ఎత్తుగా ఉన్న కొక్కెం ఒక్కటే, పూర్వం ఓడల సరుకు ఎత్తేది. అది సరిగ్గా కుర్చీ నడినెత్తిన ఉంది.

గొలుసు లాగారు, గౌను లేచింది. ముడతలు ఒక్కొక్కటే జారిపోయాయి, ఘేరు విచ్చుకుంది, నెమ్మదిగా దిగింది. కుర్చీ కనిపించలేదు. సిమెంటు లేదు, బోల్టులు లేవు, నలుగురు మోసిన బరువు లేదు. కోడిని గంప కప్పేసినట్టు కుర్చీని మూసేసింది.

"అక్కా, నా కుర్చీ!" అని అరిచాడు యోరిస్.

హన్నెక వచ్చి గౌను అంచు ఎత్తింది. వంగింది. లోపలికి దూరిపోయింది. పరుగెత్తడానికని నేను పెట్టిన వెడల్పు కదా, కొంగ మనిషి సునాయాసంగా పట్టింది. లోపల కూర్చున్న చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. నేనూ యోరిస్ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కాఫీ చల్లారిపోయింది.

"బతికే ఉన్నారా?" అన్నాడు యోరిస్ చివరికి.

"నోరు మూసుకో, బావుంది ఇక్కడ" అని లోపలి నుంచి వినిపించింది.

బయటికి వచ్చాక బట్టలు దులుపుకుంది. "యోరిస్, నీ కుర్చీలో నేను ఇంతవరకూ నిమిషం కూడా కూర్చోలేకపోయాను. ఇవాళ లేవబుద్ధి కాలేదు" అంది. అని గోడ దగ్గరికి వెళ్ళి అట్టముక్క పీకేసి, కొత్తది రాయడానికి కూర్చుంది.

మార్చి 14, శుక్రవారం

జనం! బురద బూట్లు తలుపు దగ్గరే విప్పేస్తున్నారు. విప్పమని ఎవరూ చెప్పలేదు. గౌను కింద దూరాలంటే బూట్లతో దూరబుద్ధి కాదు కదా. ఒక్కొక్కళ్ళుగా లోపలికి, లోపల ఎంతసేపు ఉండాలో ఎవరిష్టం వాళ్ళది. హాలండ్ వాళ్ళు క్యూలో గొడవ లేకుండా నిలబడ్డారు. ఒక పెద్దాయన బయటికి వచ్చి నాతో చేయి కలిపి, మళ్ళీ క్యూ చివరికి వెళ్ళి నిలబడ్డాడు.

ట్రేస్ రైలెక్కి, కర్రతో సహా వచ్చేసింది. "గౌను దులపక్కర్లేదుగా?" అంది, వచ్చీ రాగానే.

యోరిస్ సాయంత్రం దాకా మూతి ముడుచుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. జనం పలచబడ్డాక వచ్చి, అటూ ఇటూ చూసి, అంచు ఎత్తి దూరాడు. ఎంతకీ రాడు. క్యూలో ఇంకా ఇద్దరు ఉన్నారు, వాళ్ళు నన్ను చూస్తున్నారు.

వంగి "రారా బయటికి, జనం ఆగి ఉన్నారు" అన్నాను.

"అక్కా."

"ఏంట్రా?"

"నువ్వెప్పుడూ దూరలేదు కదే అప్పుడు."

"పట్టేదాన్ని కాదు."

"ఇది పెద్దది. రా."

వెళ్ళాను. కుర్చీలో ఇద్దరం పట్టలేదు, వాడు లేచి కింద కూర్చున్నాడు, నా కాళ్ళ దగ్గర, నేల మీద. ఉన్ని వాసన, నార వాసన. సిమెంటు కుర్చీ వీపులో పొడుస్తోంది, ఒట్టి దరిద్రపు కుర్చీ, కుషన్ లేకుండా ఎవడు కూర్చుంటాడు దాంట్లో? ఆ మాటే అన్నాను. "కుట్టిపెడతావా?" అన్నాడు. "ఆలోచిస్తాను" అన్నాను. బయట నుంచి హన్నెక దగ్గింది.

వాడు ముందు బయటికి వచ్చాడు, జుట్టు రేగిపోయి, నా కన్నా ఎర్రటి ముక్కుతో. క్యూలో ముందున్న ఆవిడ వాణ్ణి ఎగాదిగా చూసి "మీరెవరండీ?" అంది.

నేను ఇంకా అంచు కిందే ఉన్నాను, చెవులారా విన్నాను.

"లీవ తమ్ముణ్ణి" అన్నాడు.

ఆవిడ "ఓహో అలాగా" అని, వాడి భుజం మీదుగా నా కోసం వెతికింది.

మార్చి 15, శనివారం

ఇంట్లో ఉన్నాను. హన్నెక రాసిన అట్టముక్క మాట మాటా గుర్తుంది: "లీవ. క్లేట్. నార, ఉన్ని. లోపల: కుర్చీ, ఆమె తమ్ముడిది."

నాకేం కోపం లేదు.

నిజంగానే లేదు. ఇంకోసారి రాసి చూశాను, లేదు.